కడిగే చేతులకు కాపలా ఎవరు?

చోడవరంలో ఆఫీసు తలుపులు పదింటికి తెరుచుకుంటాయి. ఉద్యోగి వచ్చి కూచునేసరికి నేల తుడిచి ఉంటుంది, మరుగుదొడ్డి కడిగి ఉంటుంది. ఎవరు కడిగారు, దేనితో కడిగారు, చేతికి తొడుగులున్నాయా అని అడిగేవాళ్లు లేరు. 2022లో మన ఊరు విశాఖ నుంచి అనకాపల్లి జిల్లాకు మారింది. ఈ అలవాటు మాత్రం మారలేదు.

మరక పోవాలని యాసిడ్ పోస్తారు. వాసన పోవాలని దానిమీదే బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో ప్రపంచ యుద్ధంలో సైనికుల మీదికి వదిలిన విషవాయువు అదే! కిటికీ లేని గదిలో దాన్ని పీల్చేది కాంట్రాక్టరు పెట్టిన ఆడకూతురు. రెండూ కలపొద్దని ఆమెకు ఎవరైనా చెప్పారా?

గోవాడ చక్కెర ఫ్యాక్టరీని చూస్తూ పెరిగిన ప్రాంతం మనది. క్రషింగ్ అయ్యాక ఎవాపరేటర్ గొట్టాల్లో గట్టిపడిన స్కేలు తీయకుండా ఏ మిల్లూ మళ్లీ సీజనుకు సిద్ధం కాదని ఇక్కడ అందరికీ తెలుసు. యంత్రం సంగతి సరే, ట్యాంకుల్లోకి దిగే మనిషి సంగతేమిటి? ముందు లోపలి గాలిని పరీక్షించి రాతపూర్వకంగా సర్టిఫికెట్ ఇవ్వాలి. లేదా దిగేవాడికి శ్వాస పరికరం, బెల్టు ఉండాలి, బెల్టుకు కట్టిన తాడు కొస బయట ఒకరి చేతిలో ఉండాలి. ఇది మేము కొత్తగా కోరుతున్నది కాదు, 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లో రాసిందే.

మురుగు గుంతల కథ ఇంకా ఘోరం. రక్షణ లేకుండా మనుషుల్ని అందులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోతే 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. అయినా చావులు ఆగలేదు. ఈ పోరాటానికే కోలారు గనుల ఊళ్లో పుట్టిన తెలుగుబిడ్డ బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసె అవార్డు వచ్చింది. చప్పట్లు కొట్టి ఊరుకున్నాం.

తొడుగులు, బూట్లు, మాస్కు, శిక్షణ ప్రతి క్లీనింగ్ టెండరులో షరతుగా ఉండాలి. అవి ఇవ్వని కాంట్రాక్టరుకు బిల్లు ఆపాలి. ఉద్యోగ సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో ఈ కార్మికులకూ చోటివ్వాలి. విద్యార్థులారా! రేపు పొద్దున మీ హాస్టల్ కడిగే మనిషి చేతులు ఒకసారి చూడండి. తొడుగులు లేకపోతే వార్డెన్‌ను నిలదీయండి.

ప్రాంతానికి గౌరవం కావాలని గొంతెత్తేవాళ్లం మనం. మన నేల తుడిచే మనిషిని గౌరవించలేకపోతే ఆ గొంతును ఎవరు నమ్ముతారు?