ఎడమచేతి అంగలు



మన పల్లె సంఘాల్లో పాటకు వాయించేవారిని గమనించండి. వారిలో చాలామంది మొదట పట్టుకున్న వాద్యం హార్మోనియం. కుడిచేయి మెట్ల మీద నడుస్తుంది. ఎడమచేయి వెనుక తిత్తిని ఆడిస్తూ గాలి ఇస్తుంది. తరువాత సంఘానికి కీబోర్డు వచ్చింది. దానికి గాలి అక్కరలేదు గనుక ఎడమచేతికి పని పోయింది. ఒక మీట నొక్కితే తాళం దానంతట అదే వస్తుంది. ఎడమచేతి వేళ్లు ఒకచోట ఆనించి ఉంచితే చాలు.

దీనిలో ఒక చిక్కు ఉంది. యంత్రం వేసే తాళం ఎవరికోసమూ ఆగదు. వెనుక చాపమీద కూర్చున్న అవ్వ పాదం చివర ఊపిరి తీసుకునేలోగా అది ముందుకు వెళ్లిపోతుంది. ఆమె రెండు చరణాలు ప్రయత్నించి ఊరుకుంటుంది. పుస్తకం చూడకుండా కీర్తనలు పాడగలిగినవారే ఇలా మౌనంగా కూర్చుంటే సంఘానికి ఎంత నష్టం! వాయించే బిడ్డకు ఎడమచేయి వచ్చి ఉంటే తాళం ఆ బిడ్డ అధీనంలో ఉంటుంది. అవ్వ కోసం ఒక క్షణం ఆగవచ్చు. అందుచేత ఈ నెల ఎడమచేతిని గూర్చి కొన్ని మాటలు చెప్పుకుందాం.

ఎడమచేతికి ఎంత పని చెప్పవచ్చో చూపినవారు అమెరికాలోని నల్లజాతి పియానో వాద్యకారులు. న్యూయార్కు నగరంలోని హార్లెం పేటలో 1920 ప్రాంతాల్లో వారి పద్ధతి వర్ధిల్లింది. దాని పేరు స్ట్రైడ్. ఆ మాటకు పెద్ద అంగ అని అర్థం. నాలుగు దెబ్బల తాళంలో ఒకటవ దెబ్బకు, మూడవ దెబ్బకు ఎడమచేయి కింది స్థాయిలో ఒక లోతైన స్వరం వాయిస్తుంది. రెండుకు, నాలుగుకు పైకి దూకి పియానో నడుమ ఒక కార్డ్ వాయిస్తుంది. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. పాట సాగినంతసేపూ ఎడమచేయి అంగలు వేస్తూనే ఉంటుంది. కుడిచేయి దానిమీద స్వేచ్ఛగా పాట నడుపుతుంది. మన డోలక్‌లో రెండు పక్కలు పలికే పనిని ఇక్కడ ఒక్క ఎడమచేయే చేస్తుందన్నమాట.

ఇంత శ్రమకు కారణం అవసరమే. హార్లెంలో ఇంటి అద్దెలు అధికం. అద్దె కట్టలేని కుటుంబం ఇంట్లో విందు పెట్టి, వచ్చినవారి దగ్గర కొంత డబ్బు తీసుకొని అద్దె చెల్లించుకునేది. ఇరుకు గదిలో డ్రమ్ములు, ఇతర వాద్యాలు పెట్టడానికి చోటు లేదు, వారికి ఇచ్చేందుకు డబ్బూ లేదు. ఒక్క పియానో, ఒక్క మనిషి. మిగిలిన మేళం పనంతా ఆ మనిషి ఎడమచేయే చేయాలి. ఆ విందుల్లో మద్యం ఉండేదన్న సంగతి దాచనక్కరలేదు. మనం నేర్చుకోవలసింది ఆ చేతుల పనితనం.

ఈ పద్ధతికి పెద్దదిక్కు జేమ్స్ పి. జాన్సన్ (1894–1955). ఆయన 1921లో రికార్డు చేసిన ‘కెరొలైనా షౌట్’ను ఆనాటి యువ వాద్యకారులు ఒక పరీక్షగా ఎంచేవారు. షౌట్ అంటే ఇక్కడ కేక కాదు. అమెరికా దక్షిణ తీరంలోని నల్లజాతి విశ్వాసులు వలయంగా తిరుగుతూ, చప్పట్లు చరుస్తూ, పాదాలతో తాళం వేస్తూ చేసే ఆరాధనకు ఆ పేరు. ఆ ప్రాంతంనుంచి న్యూయార్కుకు వచ్చినవారి నాట్యాలకు వాయిస్తూ జాన్సన్ ఆ లయను పట్టుకున్నాడు.

ఆయన శిష్యుడు ఫాట్స్ వాలర్ (1904–1943). వాలర్ తండ్రి వీధుల్లో వాక్యం చెప్పేవాడు. ఆ కూటాల్లో బాలుడైన వాలర్ హార్మోనియం జాతికి చెందిన వాద్యం వాయించేవాడు. ఆ రోజుల్లో చిల్లులు పొడిచిన కాగితపు చుట్టతో తనంతట తానే మోగే పియానోలు ఉండేవి. వాలర్ అటువంటి చుట్టను నెమ్మదిగా తిప్పుతూ, కిందికి దిగిన మెట్లమీద తన వేళ్లు పెట్టి ‘కెరొలైనా షౌట్’ నేర్చుకున్నాడు. డ్యూక్ ఎలింగ్టన్ కూడా ఆ పాటను అలాగే నేర్చుకున్నాడు. అంతటివారు సైతం యంత్రం వెంట పరుగెత్తలేదు, యంత్రాన్నే నెమ్మది చేసుకున్నారు.

ఇక మన బిడ్డలు ఎలా మొదలుపెట్టాలి? 61 మెట్ల కీబోర్డు చాలు. ముందుగా దానిలోని తాళం ఆపివేయండి. కుడిచేయి ఒడిలో పెట్టుకోండి.

ఒకటి అంటూ చిటికెన వేలితో అన్నిటికంటే కింది సి వాయించండి. రెండు అంటూ నడుమకు వెళ్లి జి, సి, ఇ కలిపి వాయించండి. మూడుకు కింది జి. నాలుగుకు మళ్లీ అదే కార్డ్. ఇది వచ్చాక ఎఫ్ కార్డ్‌ను ఎ, సి, ఎఫ్‌గానూ, జి కార్డ్‌ను జి, బి, డి గానూ పట్టుకోండి. ఇలా పట్టుకుంటే నడుమ చేయి పెద్దగా కదలనక్కరలేదు, వేళ్లు సర్దుకుంటే చాలు. దూకవలసింది కింది స్వరానికే.

దూకడం నేర్చుకునే ఉపాయం ఒకటుంది. కింది స్వరం వాయించగానే చేతిని కార్డ్ దగ్గరకు చేర్చండి, కాని మోగించవద్దు. వేళ్లు సరైన మెట్లమీద ఉన్నాయో లేదో చూసుకొని, అప్పుడు మోగించండి. చేయి గాలిలోకి ఎగరకూడదు, మెట్లకు దగ్గరగానే సాగాలి. మణికట్టు వదులుగా ఉండాలి. నొప్పి పుడితే ఆపివేయండి. కొద్దిరోజుల తరువాత కళ్లు మూసుకొని చేయండి. రెండేసి, మూడేసిగా ఉన్న నల్లమెట్లు వేళ్లకు దారి చూపుతాయి. న్యాయాధిపతుల గ్రంథంలో బెన్యామీను గోత్రపువారైన 700 మంది ఎడమచేతి వాటంవారు గురి తప్పకుండా వడిసెల విసిరేవారని చదువుతాము. ఎడమచేతికి గురి అబ్బదన్న మాట నిజం కాదు.

కుడిచేతిని వెంటనే కలపవద్దు. ఎడమచేయి వాయిస్తుండగా పాటను నోటితో పాడండి. పాడుతున్నా తాళం చెదరకుండా ఉంటే, అప్పుడు కుడిచేతిని ఒక్కొక్క పాదంగా కలపండి. రోజుకు పదిహేను నిమిషాలు చాలు, కాని రోజూ చేయాలి. ఆదివారం ఉదయం గంటసేపు చేసే సాధన దీనికి సాటిరాదు.

ఆరాధనలో హార్లెం వేగం అక్కరలేదు. అదే నడకను నెమ్మదిగా, కార్డులను తేలికగా వాయించండి. మూడు దెబ్బల పాటకు కింది స్వరం ఒకసారి, కార్డ్ రెండుసార్లు. మన కీర్తనల్లో కొన్ని కర్ణాటక రాగాలలో ఉన్నాయి. వాటికి కార్డులు అతికించబోతే రాగం చెడుతుంది. అక్కడ ఎడమచేతితో స, ప మాత్రం పట్టుకోండి. పాదం చివర సంఘం ఊపిరి తీసుకునేవరకు చేయి ఆపి, అందరితో కలిసి తరువాతి పాదం ఎత్తుకోండి.

తలిదండ్రులకు ఒక మనవి. ఎడమచేతితో ఏదైనా ఇస్తే మనం కోప్పడతాము. చిన్నప్పటినుంచి వెనుక ఉంచిన చేయి ఒక్క వారంలో ముందుకు రమ్మంటే వస్తుందా? దానికి పని నేర్పలేదు, అంతే. నేర్చుకునే రోజుల్లో ఇంట్లో పాట వినిపించదు. కింద ఒక మోత, పైన ఒక మోత, అదే గంటల తరబడి విన్నట్లు ఉంటుంది. “ఒక పాటైనా సరిగా వాయించరాదా?” అని ఆ సమయంలో అనకండి. ఆ ఒక్క మాటకే మానుకునే బిడ్డలున్నారు. వంట చేసుకుంటూ, పశువులకు మేత వేస్తూ మీరే ఆ తాళానికి పాట అందుకోండి. బిడ్డ ఎడమచేతికి అంతకంటే మంచి సహాయం లేదు.