చీకటికీ చోటివ్వాలి

సాయంకాలం వేళ చార్మినారు దగ్గర నిలబడి, పడమటి దిక్కుగా లాడ్ బజారు చూడండి. పైన ఆకాశంలో ఇంకా వెలుగు, కింద గాజుల దుకాణాల్లో దీపాలు, మూలల్లో చీకటి. మన కన్ను మూడింటికీ సర్దుకుంటుంది. కెమేరాకు ఆ నేర్పు తక్కువ. ఆకాశాన్ని పట్టుకుంటే వీధి మసిపూసినట్లవుతుంది. వీధిని పట్టుకుంటే దీపాలు తెల్లమచ్చలవుతాయి.

దీనికి ఉపాయం పాతదే. 1850లలోనే గుస్తావ్ లె గ్రే అనే ఫ్రెంచి ఫోటోగ్రాఫరు సముద్రానికో నెగటివు, ఆకాశానికో నెగటివు తీసి, రెండూ కలిపి ఒకే బొమ్మగా అచ్చువేశాడు. ఇప్పుడు కెమేరాను స్టాండు మీద కదలకుండా నిలిపి, మామూలు వెలుతురుతో ఒకటి, అందులో నాలుగోవంతుతో ఒకటి, నాలుగురెట్లతో ఒకటి తీసి కంప్యూటరులో కలుపుతారు. దీన్నే హెచ్.డి.ఆర్. అంటున్నారు. చాలా సెల్‌ఫోన్లు మనం అడక్కుండానే ఆ పని చేసిపెడుతున్నాయి.

చిక్కంతా కలపడంలోనే వుంది. నీడలన్నిటినీ వెలిగిస్తే మినార్ల అంచుల చుట్టూ తెల్లటి వలయం కడుతుంది. సున్నపు గోడ ఇత్తడిలా మెరుస్తుంది. అది చార్మినారు కాదు, పెళ్ళిపందిరి! ప్రతి మాటకూ ఓ విశేషణం తగిలిస్తే ఏదీ విశేషం కాదని నేను క్లాసులో చెబుతుంటాను. వెలుగు సంగతీ అంతే. దీపం కంటే గోడ వెలగకూడదు. దుకాణం మూల కాస్త చీకటిగానే వుండనివ్వండి. రేపు మీ మనుమలు ఆ ఫోటో చూసి, అది ఏ వేళ తీసినదో చెప్పగలగాలి గదా!