చెరువు గట్టున సముద్ర విద్య

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో సముద్ర ఇంజనీరింగ్ మాట ఎత్తితే వినేవారికి నవ్వు రావడం సహజం. కడలి అక్కడికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరం. అయితే ఊరిని ఆనుకొని పెద్ద చెరువు ఉంది. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలం నాటిదని దానికి ప్రసిద్ధి. ఆ పరిసరాలలోనే ఇంజనీరింగ్ కళాశాలలు అనేకం వెలిశాయి. నీరూ ఉంది, చదువుకునే పిల్లలూ ఉన్నారు. ఈ రెండింటినీ కలపడానికి సముద్రం లేకపోవడం అడ్డంకి కాదు.

గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం ప్రధాన రేవు. నరసాపురంలో నాడు ఓడల నిర్మాణం సాగేది. మెట్ట ప్రాంతానికి సముద్రంతో పొత్తు కొత్తది కాదు. నేడు కూడా హిందూ మహాసముద్రాన్ని అహర్నిశలు గమనించే కేంద్రం విశాఖలోనో చెన్నైలోనో కాక హైదరాబాదులోని ప్రగతినగర్‌లో ఉంది. అదే 1999లో ఏర్పడిన భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్. 2004 డిసెంబరు 26 నాటి సునామీ మిగిల్చిన విషాదం తరువాత, 2007లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రాన్ని అక్కడే నెలకొల్పారు. చేపలు దొరికే తావులను జాలరులకు తెలియజేసేదీ ఆ సంస్థే.

ఆ సంస్థకు సమాచారం పంపే సాధనాలలో ఆర్గో తేలియాడు యంత్రం ఒకటి. అది రెండు వేల మీటర్ల లోతుకు దిగి, సుమారు పది రోజులకొకసారి పైకి వచ్చి, నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను ఉపగ్రహానికి నివేదిస్తుంది. దానికి చుక్కాని లేదు, తెడ్డు లేదు. లోపలి నూనెను వెలుపలి సంచిలోకి పంపితే ఘనపరిమాణం పెరిగి పైకి తేలుతుంది. వెనక్కు తీసుకుంటే మునుగుతుంది. అంటే, ఆర్కిమెడిస్ సూత్రమే! ఆ సూత్రాన్ని కంఠస్థం చేసి మార్కులు తెచ్చుకున్న విద్యార్థి, ఒక సీసాను నీటి నడిమిలో, మునగకుండా తేలకుండా నిలపమంటే తడబడతాడు. లోపం తెలివిలో లేదు, చేతికి పని చెప్పని బోధనలో ఉంది.

అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ 2003లో సీపెర్చ్ అనే కార్యక్రమాన్ని ఆరంభించింది. బడిపిల్లలు పి.వి.సి. గొట్టాలు, చిన్న మోటార్లు, తీగలతో నీటిలో నడిచే యంత్రాన్ని స్వయంగా తయారుచేస్తారు. మోటారులోకి నీరు చొరకుండా మైనం పోస్తారు. మొదటిసారి నీరు చొరనే చొరుతుంది. యంత్రం ఒక పక్కకు ఒరుగుతుంది. ఎందుకు ఒరిగిందో వెతికే ఆ గంటలోనే గురుత్వ కేంద్రం, ఉత్ప్లవన బలం అనే మాటలకు ప్రాణం వస్తుంది. ఈ సామగ్రిలో చాలా భాగం ఇబ్రహీంపట్నం వంటి ఊళ్ళలోని గొట్టాల దుకాణాలలో, కరెంటు సామాను అంగళ్ళలో దొరకనిది కాదు.

చెరువు కట్ట కూడా ఒక పాఠమే. గాలికి లేచిన అలలు మట్టికట్టను కోయకుండా లోపలి వాలున రాళ్ళు పరచడం పూర్వులు ఎరిగిన ఉపాయం. తీరపట్టణాలలో ఒడ్డు కోతకు వేసే బండలూ ఆ పనికే.

ఇందులో అపాయం లేదనడం పొరపాటు. చెరువులు ఏటా ప్రాణాలు తీస్తున్నాయి. కనుక తొలి ప్రయోగాలు కళాశాల ఆవరణలో నడుములోతు తొట్టిలో జరగాలి. చెరువుకు వెళ్ళేటప్పుడు ఈత తెలిసిన పర్యవేక్షకులు, ప్రాణరక్షక కవచాలు తప్పనిసరి. అవి సమకూర్చలేని కళాశాల తొట్టితోనే తృప్తిపడటం మేలు.

ఉద్యోగాల మాటా ఉంది. ఇంటర్మీడియట్ ఎం.పి.సి. చదివినవారు ప్రవేశపరీక్ష ద్వారా భారత సముద్రయాన విశ్వవిద్యాలయంలో చేరవచ్చు; దాని ప్రాంగణం ఒకటి విశాఖపట్నంలో ఉంది. మెకానికల్ పట్టభద్రులకు ఓడ ఇంజనీరు కావడానికి ఏడాది శిక్షణ మార్గం తెరిచి ఉంది. మెట్ట ప్రాంత విద్యార్థికి ఈ దారులు తెలియకపోవడం అన్యాయం.

ఇక మిగిలింది కాలం. వానలు బాగా కురిసిన ఏడు చెరువులో నీరు నిండుగా ఉండేది వర్షాకాలం చివర, శీతకాలం మొదట. ప్రయోగాల ఊసు మాత్రం ప్రాక్టికల్ పరీక్షలు దగ్గరపడే ఫిబ్రవరి దాకా కళాశాలల్లో వినబడదు. ఆ పనిని అక్టోబరుకే జరిపితే పిల్లలకు నీరూ దొరుకుతుంది, తీరికా దొరుకుతుంది.