ఒక కీర్తన – పలు కంఠములు

పురానాపూలు దాటి గోలకొండకు బోవు త్రోవలో మన కార్వాన్ కలదు. పూర్వము వర్తకుల బిడారులు విడిసిన చోటగుటచే దీనికీ పేరు గలిగెను. 1671లో కట్టిన టోలీ మసీదు ఇచట నేటికిని నిలిచియున్నది. 1672లో రాజ్యమునకు వచ్చిన తానీషా కాలమున కంచెర్ల గోపన్న, అనగా భద్రాచల రామదాసు, గోలకొండ కోటలో చెరయుండెను. రాతి కట్టడమును నాటి రూపుననే చూడగలము. పాట యట్లు కాదు. పాడువారి కంఠమున నది మరల మరల పుట్టవలసినదే. పుట్టినప్పుడెల్ల రూపు కొంత మారును. ఆ మార్పులో ఏది యొప్పు, ఏది తప్పు?

ఈ ప్రశ్న మాకొక బాలుని వలన గలిగినది. ఒక పాటల పోటీలో మేము న్యాయనిర్ణేతలుగా కూర్చుంటిమి. ఒక బాలిక 'పలుకే బంగారమాయెనా' అను రామదాసు కీర్తనను చలనచిత్రములో విన్నట్లే పాడి మెప్పు పొందెను. పిమ్మట కార్వాన్ బాలుడొకడు అదే కీర్తనను తన నాయనమ్మ భజనలో పాడు తీరున, సంగతులు లేక, చేతితో తాళము వేయుచు పాడెను. కొందరు నవ్విరి. రికార్డులో నున్నట్లు లేదని మేమును తక్కువ మార్కులు వేసితిమి. పోవునపుడు వాడు, "సార్, మా నాయనమ్మ తప్పు పాడ్తదా?" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఆ రాత్రి ఆ కీర్తననే పలుమారులు వింటిమి. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఆనందభైరవిలో దానిని పాడునపుడు, చనువుగల బిడ్డ తండ్రిపై నలిగినట్లుండును. గమకము మాటను మ్రింగదు. మాటకు తోడై నడచును. 1980లో వెలువడిన 'శంకరాభరణము' చిత్రములో వాణీ జయరాం గారు కె. వి. మహదేవన్ గారి సంగీతమున అదే రాగములో పాడిరి. అచట నిర్మలమైన స్త్రీకంఠము, వాద్యముల సొంపు చెవినాకర్షించును. భజనలోనన్ననో ఒకరు పాడుదురు, పదుగురు మరల నందుకొందురు. విద్వత్తు లేనివాడును తన మొరను అందు కలుపగలడు.

రామదాసు నాటి స్వరలిపి మనకు దక్కలేదు. ఆయన పదములు భజనపరుల నోళ్ల వెంటనే తరములు దాటి వచ్చినవి. కావున ఏ రికార్డును మూలప్రతి కాజాలదు.

అమెరికా దేశమునను ఇట్టి కథ కలదు. లెడ్ బెల్లీ అను నల్లజాతి బ్లూస్ గాయకుడు లూసియానాలోని అంగోలా చెరలో నుండగా, 1933లో జాన్ లోమాక్స్ పోయి అతని పాటలను యంత్రమున కెక్కించెను. 'గుడ్‌నైట్ ఐరీన్' అందొకటి. 1949లో ఆ గాయకుడు మరణించెను. మరుసటి యేడే వీవర్స్ అను బృందము, కఠినమైన మాటలు కొన్ని విడిచి, వాద్యగోష్ఠితో దానిని పాడగా దేశమెల్ల మారుమ్రోగెను. పాట బ్రదికెను, చెరసాలలో పాడినవాని బాధ మాత్రము పలుచబడెను.

మార్పు దోషమని మేమనము. మాటాడని ప్రభువును ఒక్క పలుకునకై వేడుకొను దీనుని యార్తి ఈ కీర్తనకు ప్రాణము. అది నిలిచెనా, రాగము, లయ, వాద్యము ఎట్లు మారినను కీర్తన చెడదు. అది పోయెనా, రికార్డును అక్షరము తప్పక యనుకరించినను అది వట్టి చిలుకపలుకే. పోటీలలో మేము కొలవవలసినది ఆ యార్తిని; కొలిచినది పోలికను.

కావున ఆ బాలునికి మా యుత్తరమిది: నాయనా, మీ నాయనమ్మ తప్పు పాడలేదు; మార్కులు వేసిన మేమే తప్పితిమి.

తలిదండ్రులారా, మీ యింటి వృద్ధులు పాడు పాటలను పిల్లలచే వ్రాయించుడు, పాడించుడు. రికార్డు రేపైనను దొరకును. ఆ కంఠములు దొరకవు.