సేల్స్‌ఫోర్స్‌కు ఒకే గుమ్మం
సేల్స్‌ఫోర్స్‌తో ముడిపడే సాఫ్ట్‌వేర్‌లో ఆ రాకపోకల కోడ్ అంతా ఒకే ఫోల్డర్‌లో, ఒకే గుమ్మం వెనుక ఉండాలి. బిల్లింగ్, స్టాకు వంటి వ్యాపార నియమాలున్న ఫైళ్లలో ‘అకౌంట్’, ‘ఆపర్చునిటీ’ అనే ప్లాట్‌ఫామ్ పేర్లు కనబడకూడదు. వాటిని సొంత పేర్లలోకి మార్చే పని గుమ్మం దగ్గరి మ్యాపింగ్ పొరది. సేల్స్‌ఫోర్స్ నుంచి ఏడాదికి 3 రిలీజులు వస్తాయి, ఒక్కోదానితో ఏపీఐ వెర్షన్ పెరుగుతుంది. వెర్షన్ నంబరు పది ఫైళ్లలో రాసి ఉంటే పదింటినీ వెతికి మార్చాల్సిందే. ప్లాట్‌ఫామ్ లోపల నడిచే అపెక్స్ కోడ్‌కూ హద్దులున్నాయి: ఒక సింక్రనస్ ట్రాన్సాక్షన్‌లో 100 క్వెరీలు, 150 డీఎంఎల్ స్టేట్‌మెంట్లు దాటితే పని మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే క్వెరీని లూప్‌లో పెట్టకుండా రికార్డులను గుంపుగా నడిపించే పద్ధతి మొదటి రోజు నుంచే కావాలి. ఒకే కస్టమర్ రెండుసార్లు నమోదు కాకుండా ఎక్స్‌టర్నల్ ఐడీ ఆధారంగా అప్‌సర్ట్ చేయడం మేలు. టోకెన్లు, పాస్‌వర్డులు కోడ్‌లో ఉండరాదు. మ్యాపింగ్ పొరను నెట్‌వర్క్ లేకుండానే పరీక్షించవచ్చు. మిగతా పరీక్షలకు శాండ్‌బాక్స్ ఉండనే ఉంది, అసలు కస్టమర్ల డేటా జోలికి పోనక్కర్లేదు.