దేవదారు నీడలో మన్ను పుట్టు విధము

ఏటేట వేసవిలో ఉత్తరాఖండ్ కొండలపై కార్చిచ్చు రేగినప్పుడెల్ల, చిర్ పైన్ చెట్టే సకల దోషములకును మూలమనియు, దాని ఎండుసూదులు నిప్పునకు మేత యగుటయేకాక నేలను ఆమ్లభరిత మొనర్చి నిస్సారము గావించుచున్నవనియు, ఆ చెట్లను తొలగించి బాంజ్ ఓక్ నాటిన సర్వము చక్కబడుననియు ఒక వాదము తలయెత్తుచుండును. అందు సత్యము లేకపోలేదు. కాని అది సగము సత్యము మాత్రమే.

పశ్చిమ హిమాలయములలో సుమారు 900 మీటర్ల నుండి 1,800 మీటర్ల వఱకు చిర్ పైన్‌దే ప్రాబల్యము. అటుపై దేవదారు, కైల్ పైన్. ఇంకను ఎగువన, చలియు తేమయు హెచ్చిన ఉత్తరపు వాలులలో ఫర్, స్ప్రూస్. అట్టి ఫర్ అడవి అంచున కొండను తొలిచి క్రొత్తగ బాట వేసినచోట తెగిన గట్టును పరికించినచో, పైన నింకను రూపు చెడని సూదుల మెత్తయు, దానిక్రింద తెల్లని శిలీంధ్రతంతువులతో చాపవలె అల్లుకొన్న సగము కుళ్లిన ఆకును, దాని దిగువన నల్లని మన్నును, సున్నము లేని శిలలున్న తావులలో బూడిదరంగు పట్టియొకటియు, అట్టడుగున తుప్పురంగు పొరయు వరుసగ కానవచ్చును.

సూదియాకు సులభముగ జీర్ణించు వస్తువు కాదు. అందు లిగ్నిన్, రెసిన్ హెచ్చు, నత్రజని కొఱత. నెలల తరబడి మంచు కప్పియుండు ఆ చలిలో బాక్టీరియాకును వానపాములకును పని సాగదు గనుక కుళ్లబెట్టు భారము చాలవఱకు శిలీంధ్రముల పాలబడును. అవి తాపీగ సాగించు ఆ కార్యములో పుట్టిన సేంద్రియామ్లములు, మంచు కరగిన నీటితో క్రిందికి దిగుచు, దారిలోని ఖనిజముల నుండి ఇనుమును అల్యూమినియమును చేపట్టి లోపొరలకు చేరవేయుచున్నవి. ఇనుము పోయినచోటు వెలవెలబోవును, చేరినచోటు ఎఱ్ఱబారును. ఈ తీరు నేలను శాస్త్రజ్ఞులు పాడ్జోల్ అందురు.

ఇంతవఱకే చదివినవారు చెట్టునే ముద్దాయిగ నిలబెట్టుట సహజము. అయితే శీతోష్ణస్థితి, జీవజాలము, నేలవాలు, మాతృశిల, కాలము అను అయిదింటి కలయికయే మృత్తిక యని మృత్తికాశాస్త్రజ్ఞుడు హాన్స్ జెన్నీ 1941లోనే సూత్రీకరించియున్నాడు. హిమాలయపు నిట్టవాలులపై కొండచరియలు పాత మన్నును పదేపదే ఊడ్చివేయుటచేత నిండైన పాడ్జోల్ అరుదు; అచ్చట విస్తారముగ నున్నది గోధుమరంగు అటవీమృత్తికయే. ముస్సోరీ, నైనితాల్ ప్రాంతముల సున్నపురాతిపై ఆకుల ఆమ్లత చాలవఱకు అక్కడికక్కడే విఱిగిపోవును. పైగా ఆ శిలీంధ్రములు నేలను గుల్లచేయుట మాత్రమే యెఱుగునని తలపరాదు: ఐరోపాలోని ఇట్టి అడవుల మన్నులో, ఫెల్డ్‌స్పార్ రేణువులలోనికి 3 నుండి 10 మైక్రాన్ల వెడల్పుగల సన్నని సొరంగములు చొచ్చియుండుట 1997లో వెల్లడియై, అవి శిలీంధ్రములు తొలిచినవే యని పరిశోధకులు భావించిరి. ఱాతిలోని పోషకములు వేరునకు చేరు మార్గములలో ఇదియు నొకటి కావచ్చును.

ఇక చిత్రమేమనగా, ఆకుమెత్త మితిమీరినచోట ఫర్ తన సంతతికే అడ్డగును. మొలకవేరు మెత్తను దాటి మన్ను నందుకొనకముందే ఎండిపోవును. కావున ఆకును కొంత తీసిన మేలేయని అటవీశాఖవారు కొందఱు వాదింతురు. దిగువనున్న చిర్ అడవులలోనైతే పల్లెస్త్రీలు పిరూల్ అని పిలుచు ఎండుసూదులను ఏరి, పశువులకు పరుపుగ వేసి, పేడతో కలిసిన దానిని మెట్టపొలములకు ఎరువుగ తరలించుచునే యున్నారు. ఇది మితముగ సాగినంతవఱకు అడవికి పెద్ద నష్టము లేదని నా అభిప్రాయము. నిప్పు సంగతి వేఱు. అది ఆకుమెత్తను హరించిన పిమ్మట బూడిద కొన్నాళ్లు సారమిచ్చినట్లే తోచును గాని, తొలి వర్షమునకే ఆ బూడిదయు, దాని వెంట పైమన్నును వాగుల పాలగును.

చెట్ల నరుకుడును అడ్డుకొనిన చిప్కో ఉద్యమ ఫలితముగ 1981లో, నాటి ఉత్తరప్రదేశ్ కొండలలో 1,000 మీటర్లకు ఎగువన పచ్చని చెట్ల వాణిజ్యపు నరుకుడు నిషేధింపబడినది. చెట్టునకు దక్కిన ఆ రక్షణ మన్నునకు దక్కలేదు. రహదారి వెడల్పునకై త్రవ్వితీసిన పైమన్ను శిథిలశిలలతో కలిసి నేటికిని వాలుల మీదుగ నదులలోనికి జాఱుచున్నది. ఆ పైపొరను విడిగ తీసి, పోగుచేసి, పని ముగిసిన పిమ్మట అదే వాలుపై పఱచుట అసాధ్యమేమియు కాదు. గుత్తపత్రములో నొక షరతుగ వ్రాసి, బిల్లు చెల్లించుటకు ముందు తనిఖీ చేసిన చాలును.