ఉద్దానం చరిత్రలో సవరలకూ సంచార జాతులకూ స్థానం దక్కాలి

పలాస, టెక్కలి, ఉద్దానం తీర ప్రాంత ప్రజలకు, ఉపాధ్యాయులకు, పంచాయతీ ప్రతినిధులకు విజ్ఞప్తి

మధ్యయుగం అని చరిత్రకారులు పిలిచే కాలంలో, అంటే స్థూలంగా 8వ శతాబ్ది నుంచి 18వ శతాబ్ది వరకు, భారతీయ సమాజం రాజులతోనూ గుళ్ళతోనూ అగ్రహారాలతోనూ మాత్రమే నడవలేదని, కొండల్లో పోడు కొట్టిన గిరిజనులు, ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసిన సంచార జాతులు, మందలు తోలిన పశుపాలకులు అందులో విడదీయరాని భాగమని ఇప్పుడు చరిత్ర చదివినవారందరూ ఒప్పుకుంటున్నారు. ఆ మాటకు ఉదాహరణ చెప్పవలసి వస్తే మాత్రం మధ్య భారతంలో గోండుల గఢా కటంగా రాజ్యమో, అస్సాంను ఏలిన అహోములో ముందుకు వస్తారు తప్ప, మహేంద్రగిరి కంటికి కనిపించేంత దూరంలో చదువుకునే మందస, పలాస, మెళియాపుట్టి పిల్లలకు ఆ కొండను నమ్ముకుని బతికిన సవరల సంగతిగాని, తమ తీరపు ఉప్పును లోనాడుకు చేరవేసిన వారి సంగతిగాని పాఠంగా అందడం లేదు. ఈ లోటును శ్రీకాకుళం జిల్లా యంత్రాంగమూ ప్రజలూ కలిసి తీర్చాలని, అందుకు కావలసిన ఆధారాలన్నీ చేతికందే దూరంలోనే ఉన్నాయని చెప్పడమే ఈ కరపత్రం ఉద్దేశం.

శాసనాలే సాక్ష్యం

కళింగాన్ని తొమ్మిది వందల ఏళ్ళకు పైగా ఏలిన తూర్పు గంగరాజుల రాగిరేకులు, అంటే భూదానాన్ని రేకుల మీద చెక్కించి దానం పుచ్చుకున్నవారికి ఇచ్చిన పత్రాలు, టెక్కలి, సంతబొమ్మాళి పరిసరాల్లోనే దొరికాయి. తొలి గంగరాజులు ఇటువంటి పత్రాల్లో తమను మహేంద్రగిరి శిఖరాన వెలసిన గోకర్ణస్వామి పాదసేవకులుగా చెప్పుకోవడం ఆనవాయితీ. 12వ శతాబ్ది మొదట్లో అనంతవర్మ చోడగంగదేవుడు వేయించిన శాసనాలు వంశకథను మరింత విస్తరించాయి. కామార్ణవుడనే మూలపురుషుడు నలుగురు తమ్ముళ్ళతో కలిసి మహేంద్రగిరి చేరి, గోకర్ణస్వామిని కొలిచి, ఆయన అనుగ్రహంగా వృషభ లాంఛనాన్ని, అంటే రాజముద్రగా నిలిచే ఎద్దు గుర్తును పొంది, కొండ దిగి వచ్చి, అప్పటి పాలకుణ్ణి ఓడించి కళింగాన్ని చేజిక్కించుకున్నాడని అవి చెబుతున్నాయి. ఆ ఓడిన పాలకుడికి ఒక శాసనం బాలాదిత్యుడని, మరొక శాసనం శబరాదిత్యుడని పేరు పెట్టాయి. శబరులంటే నేటి సవరలే.

గెలిచిన వంశం తన గొప్ప చెప్పుకోవడానికి రాయించిన పత్రంలోనే తనకు ముందు ఈ నేలను ఏలినవాడు శబరుడన్న మాట చోటు చేసుకోవడం, పైగా ఆ కొండదేవుణ్ణే గంగరాజులు తరతరాలుగా కులదైవంగా నిలుపుకోవడం గమనించదగిన విషయాలు. మైదానంలో వరి పండించే ఊళ్ళ మీద పన్ను వసూలు చేయగలిగిన రాజుకు కూడా, కనుమదారులూ అడవీ చేతిలో ఉన్న కొండజనం సమ్మతి లేకుండా రాజ్యం నిలబెట్టుకోవడం సాధ్యం కాదు కనుకనే గంగరాజులు వారి దైవాన్ని నెత్తిన పెట్టుకున్నారని హెర్మన్ కుల్కే వంటి చరిత్రకారులు వివరించారు.

వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం ఇదే సంగతిని మరో విధంగా చెబుతుంది. శక సంవత్సరం 1040, అంటే క్రీ.శ. 1118 నాటి చోడగంగుని విశాఖపట్నం శాసనం ప్రకారం, రెండో కామార్ణవుడు నగరమనే ఊళ్ళో ఇప్పచెట్టు నుంచి పుట్టిన లింగానికి ఎత్తయిన గుడి కట్టించి, ఆ చెట్టుకు సంస్కృతంలో ఉన్న మధుకమనే పేరు మీదుగా స్వామికి మధుకేశుడని పేరు పెట్టాడు. స్థలపురాణం ఆ చెట్టును ఒక సవర పెద్దకూ, దాని కింద ఇప్పపూలు ఏరుకునే అతని ఇద్దరు భార్యలకూ ముడిపెడుతుంది. కొండజనానికి ఇప్పచెట్టు ఎంత ముఖ్యమో తెలిసినవారికి ఈ కథ వింతగా తోచదు: తెల్లవారకముందే రాలిన పూలను ఏరి, ఎండబోసి, తిండిగింజలు కరవైన నెలల కోసం దాచుకుంటారు, గింజల నుంచి నూనె తీస్తారు, పండుగకు సారా కాస్తారు. ఇంటింటికీ తిండి పెట్టిన చెట్టులోనే దేవుడు వెలిశాడని సవరలు నమ్మగా, ఆ నమ్మకం చుట్టూనే గంగరాజులు తమ రాజధాని ఆలయాన్ని నిలిపారు. చోడగంగుని కాలంలో పునాది పడిన పూరీ జగన్నాథాలయంలో జగన్నాథ గాథలోని సవర విశ్వావసుని సంతతిగా చెప్పుకునే దైతాపతులు నేటికీ స్వామి సేవలో హక్కుగల భాగస్వాములుగా ఉండటం ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

సవరలు కేవలం వేటాడి బతికినవారన్న అభిప్రాయమూ నిలవదు. నిటారు వాలుల మీద రాళ్ళు పేర్చి గట్లు కట్టి, పై మడిలో నిండిన ఊటనీరు కింది మడిలోకి మెల్లగా దిగేలా మలచిన వారి మెట్లపొలాలు సాగునీటి పరిజ్ఞానానికి మచ్చుతునకలు. ఎర్రమన్ను అలికిన గోడ మీద బియ్యపుపిండితో మనుషులనూ జంతువులనూ పితృదేవతలనూ గీసే ఎడిసింగ్ చిత్రకళ వారి పూజావిధానంలో భాగం. కొండ మీద చింతపండు, కంది, పసుపు, చీపుర్లు దిగితేనే కింద సంత నిండేది, కింద ఉప్పూ బట్టా దొరికితేనే పైన కాపురం సాగేది కనుక కొండకూ మైదానానికీ మధ్య ఏ కాలంలోనూ గోడ లేదు. 16వ శతాబ్దిలో శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతి భాగంలో, మన్నెంవారిని దండనతో అణచడం కంటె ఆదరంతో, మాట తప్పని నడవడితో కలుపుకోవడమే రాజుకు మేలని చెప్పడం, ఆనాటి పాలకులు ఈ ప్రజల బలాన్ని ఎంతగా గుర్తించారో తెలుపుతుంది.

తిరిగేవారు లేనిదే నిలిచినవారు లేరు

సంచార జాతుల పాత్రకూ శాసనాధారాలున్నాయి. ద్రాక్షారామ భీమేశ్వరాలయ శాసనాల్లో అఖండదీపం కోసం, అంటే రాత్రింబవళ్ళు ఆరకుండా వెలిగే దీపం కోసం, దాతలు ఇచ్చిన ఆవులనో గొర్రెలనో బోయలనే పశుపాలకులు తీసుకుని, రోజుకు ఇంతని నెయ్యి కొలిచి గుడికి పోసే ఒప్పందాలు కనిపిస్తాయి. ముఖలింగం శాసనాల్లోనూ అఖండదీపాల దానాలు అనేకం. కోతలయ్యాక రైతులు పిలిపించి పొలంలో మంద కట్టించుకోవడం, రాత్రంతా గొర్రెలు పడుకున్న నేల మరుసటి పంటకు సత్తువ తెచ్చుకోవడం ఇప్పటి రైతులకూ తెలిసిన పద్ధతే.

ఇక బంజారాలు, అంటే ఎడ్ల బిడారులతో సరుకు మోసిన వర్తకులు, అల్లావుద్దీన్ ఖిల్జీ కాలం నుంచి మొగలాయి సైన్యాల దాకా ధాన్యం చేరవేసినవారు. 17వ శతాబ్దిలో పీటర్ మండీ అనే ఆంగ్ల వర్తకుడు ధాన్యం మోస్తున్న 14,000 ఎడ్లున్న ఒక తండాను చూసినట్టు రాశాడు. ఉత్తరాంధ్ర తీరపు ఉప్పును కనుమల మీదుగా జయపురం, బస్తరు వైపు తీసుకుపోయి, తిరుగు ప్రయాణంలో ధాన్యమూ అటవీ సరుకులూ దించిన వారి రాకపోకలు 19వ శతాబ్ది దాకా సాగాయి. ఉప్పు పుట్టని లోనాడుకు ఈ బిడారులే ఆధారం.

గౌరవం ఎలా పోయింది

ఈ జాతుల స్థితి దిగజారడానికి కారణం వారి స్వభావం కాదు, వలస పాలనలో వచ్చిన చట్టాలు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండజనం వాడుకున్న అడవిని ప్రభుత్వ ఆస్తిగా మార్చి, పోడును నేరంగా చూసింది. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం, 1900లో మొదలైన నౌపడా–పర్లాకిమిడి రైలు వంటి మార్గాలు ఎడ్ల బిడారుల బతుకుతెరువును క్రమంగా తినివేశాయి. పని పోయి తిరుగుతున్నవారిని ఆదుకోవలసింది పోయి, 1871లో ఉత్తర భారతంలో మొదలై 1911 తరువాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వ్యాపించిన నేరస్థ జాతుల చట్టం వారిలో అనేకులను పుట్టుకతో నేరస్థులుగా ముద్ర వేసింది. ఉప్పు, ధాన్యం మోసిన కొరవ, ఎరుకుల కుటుంబాలు పోలీసు హాజరుకు కట్టుబడవలసి వచ్చింది. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయినా, ఊరి చివర గుడారం కనిపిస్తే అనుమానంగా చూసే అలవాటు మాత్రం రద్దు కాలేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో సీతంపేట సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. మందస, మెళియాపుట్టి, పాతపట్నం మండలాల సవర గ్రామాలు శ్రీకాకుళం జిల్లాలోనే ఉండిపోయినందువల్ల, ఆ పల్లెల భాషను, చరిత్రను పట్టించుకునే బాధ్యత ఇప్పుడు ఈ జిల్లా మీద మరింతగా పడింది.

చేయవలసినవి

మొదటిది, వమరవల్లి డైట్ (ఉపాధ్యాయ శిక్షణ సంస్థ) అధ్యాపకులు, ఎచ్చెర్లలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం చరిత్ర తెలిసినవారు, సవర పెద్దలు కలిసి కూర్చుని, ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు ఉపయోగపడే స్థానిక చరిత్ర వాచకాన్ని తయారు చేయాలి. శాసనాల పాఠాలు ఇప్పటికే అచ్చయి ఉన్నందున కొత్త తవ్వకాలు గాని పెద్ద ఖర్చు గాని అక్కర్లేదు.

రెండోది, ముఖలింగం ఆలయాల ఆవరణలో పురావస్తు, దేవాదాయ శాఖలు తెలుగు, ఒడియా, సవర భాషల్లో ఫలకాలు పెట్టి, మధుకేశ్వరుని పుట్టుకతో సవరలకున్న సంబంధాన్ని వచ్చేవారందరికీ తెలియజేయాలి.

మూడోది, ఉమ్మడి రాష్ట్రంలో మాతృభాషా బోధన కోసం ఎంపికైన ఎనిమిది గిరిజన భాషల్లో సవర ఒకటి కనుక, ఈ జిల్లా సవర గ్రామాల ప్రాథమిక పాఠశాలల్లో ఆ భాష తెలిసిన ఉపాధ్యాయులను నియమించాలి. తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులు జయంతి. వ్యావహారిక భాష కోసం పోరాడిన ఆయనే ముఖలింగం శాసనాలను చదివి అదే కళింగనగరమని వాదించారు, సవరలతో మెలిగి వారి భాష నేర్చి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు, వారి పిల్లలకు సొంత ఖర్చుతో బడులు నడిపారు. ఆ రోజు నుంచి నేరస్థ జాతుల చట్టం రద్దయిన ఆగస్టు 31 వరకు మూడు రోజులను ప్రతి బడిలో సవర, సంచార జాతుల చరిత్రకు కేటాయించడం ఆయనకు తగిన గౌరవం.

నాలుగోది, 2006 అటవీ హక్కుల చట్టం వ్యక్తిగత పట్టాలకే పరిమితం కాలేదనీ, సంచార, పశుపాలక సముదాయాలు రుతువును బట్టి మేతకూ వనరులకూ వెళ్ళే హక్కును కూడా గుర్తించిందనీ గ్రామసభలు తెలుసుకుని, పాత మేతబాటలను, విడిది స్థలాలను నమోదు చేయాలి. స్థిరమైన చిరునామా లేదన్న కారణంతో సంచార కుటుంబాలకు కుల, జనన ధ్రువపత్రాలు ఆపకూడదు.

కొందరి సందేహాలకు సమాధానం

శబరాదిత్యుని కథ వంశం పుట్టాక ఎన్నో శతాబ్దాలకు రాసినదని, దాన్ని చరిత్రగా ఎలా చెబుతారని కొందరు అడగవచ్చు. ఆ అభ్యంతరం సబబైనదే. అందుచేత ఆ కథను జరిగిన సంఘటనగా కాక, 12వ శతాబ్ది రాజులు తమ గురించి ఏం చెప్పుకోదలిచారో, శబరుల ప్రస్తావన లేకుండా ఎందుకు చెప్పుకోలేకపోయారో పిల్లలు ఆలోచించేలా బోధించాలి. ఇటువంటి పాఠాలు కులాల మధ్య కొత్త తగవులు పెడతాయన్న భయానికి ఆధారం లేదు. రైతు, మత్స్యకారుడు, సవర, కాపరి, ఉప్పు మోసినవాడు ఒకరి పని మీద ఒకరు ఆధారపడి ఈ తీరాన్ని నిలిపారని తెలియడం వల్ల పరస్పర గౌరవం పెరుగుతుంది.

ఈ కరపత్రం చదివిన ప్రతి ఉపాధ్యాయుడూ తన బడిలో ఒక్క పాఠంతోనైనా ఈ పని మొదలుపెట్టాలి. ప్రతి పంచాయతీ వచ్చే గ్రామసభలో ఈ నాలుగు కోరికలను తీర్మానంగా ఆమోదించి, ఒక ప్రతిని జిల్లా కలెక్టరుకు, మరో ప్రతిని జిల్లా విద్యాశాఖాధికారికి పంపాలి. సవర, సంచార కుటుంబాల పెద్దలను ఆ సభకు పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, ముందుగా వారి మాటే వినాలి.